మిల్లు బొమ్మకి చీర

చినపాలెం,
12 డిసెంబరు 1983.

పెద్దాపురం జగదాంబ వదినగారికి,
మీనాకుమారి నమస్కరించి రాయునది.

అన్నయ్యకు వేసవి నుంచి రాస్తూనే ఉన్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. నా చేతిరాత చూడగానే విప్పకుండా పక్కన పడేస్తున్నాడేమో. అందుకే ఈసారి మీ పేర రాస్తున్నాను. మీ తమ్ముడు నాగేశ్వరప్రసాద్‌ని చేసుకోనని చెప్పి ఈ టీచరు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి మీరు నా మొహం చూడలేదు. నేనూ మీ గడప తొక్కలేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ సంగతి కాదు.

మా బడి వెనక నుంచి ఒక ఏరు వెళ్ళి సముద్రంలో కలుస్తుంది. ఈ పాలెంలో పెద్ద పడవ లేనివాళ్ళందరికీ అదే బతుకు. రొయ్యలు, పీతలు, చిన్న చేపలు అందులోనే పడతాయి. పోయినేడు కర్రపెండలం సీజను మొదలైన దగ్గర నుంచి ఆ ఏరు తెల్లబడింది. పులిసిన గంజి వాసన. చేపలు వెల్లకిలా తేలి ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. ఏరు సముద్రంలో కలిసేచోట మురికి నురగ తెట్టు కట్టి, అలలకు కూడా విరగడం లేదు.

ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయని పిల్లలు అడిగారు. నాకూ తెలియదు. ఒక ఆదివారం నలుగురు పెద్ద పిల్లల్ని వెంటబెట్టుకుని ఏట్లో కలిసే డ్రైను గట్టు పట్టుకుని బయల్దేరాను. కొంత దూరం నడిచాం, కొంత దూరం బస్సెక్కాం. పెద్దాపురం దగ్గర ఒకచోట గట్టుకు గండి కొట్టి ఉంది. అందులోంచి తెల్లనీళ్ళు డ్రైనులోకి దూకుతున్నాయి. గోడ మీద పేరు చదవమన్నాను. ఏడో తరగతి రామలక్ష్మి గట్టిగా చదివింది, "శ్రీ జగదాంబా సాగో మిల్లు" అని.

మీ పేరు. మా అన్నయ్య సగ్గుబియ్యం మిల్లు. అది మా వాళ్ళదేనని ఆ పిల్లలకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ గండి పూడ్పించమని అన్నయ్యకు చెప్పండి. మిల్లు మూయమనడం లేదు. నీళ్ళు వేరేచోట ఇంకేలా చేసుకోమంటున్నాను.

ఇంకో మాట. మా పిల్లలు ఒక బొమ్మలాట కడుతున్నారు. పేరు "సముద్రమ్మకు జ్వరం". బొమ్మలన్నీ దాదాపు తయారయ్యాయి. మిల్లు యజమాని బొమ్మ ఒక్కటే మిగిలింది. దానికి ఏ మొహం పెట్టాలన్నది అన్నయ్య జవాబును బట్టి ఉంటుంది.

మీనాకుమారి


పెద్దాపురం,
21 డిసెంబరు 1983.

చి. మీనాకుమారికి,

సౌభాగ్యవతి అని కూడా రాయాల్సింది. ఆ అవకాశం నువ్వే ఇవ్వలేదు.

నేను నీకు ఎప్పటి నుంచి "మీరు" అయ్యానే? అత్తగారు పోయాక నీకు తల దువ్వి జడ వేసింది నేను. జ్వరం వస్తే పక్కన కూచుంది నేను. అప్పుడు "వదినా, నువ్వు" అనే పిలిచావు. ఉద్యోగం వచ్చేసరికి మర్యాదలు నేర్చావు కాబోలు. అలాగే కానీ.

కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా ముట్టని ఇంట్లో పుట్టావు. చేపల గంప వీధిలోంచి పోతే ముక్కు మూసుకుని పెరట్లోకి పరిగెత్తేదానివి. ఇప్పుడు ఆ చేపలు చచ్చాయని ఏడుస్తూ తోడబుట్టినవాణ్ణి బెదిరిస్తున్నావు. నీకు మీనాకుమారి అని పేరు పెట్టడం మామగారిదే పొరపాటు.

ఆ డ్రైను పొడుగునా మిల్లు మాదొక్కటేనా? నీకు మా గోడ మీద పేరే కనిపించిందా? పోనీ, మీ పాలెం వాళ్ళ సంగతేంటి? మాఘ పౌర్ణమి స్నానానికి మీ ఒడ్డుకే వచ్చాను ఒకసారి. కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. తెగిన నైలాను వలలు, పగిలిన సీసాలు, చచ్చిన కుక్క. సముద్రం వాళ్ళకు తల్లి అంటారు, ఆ తల్లి నెత్తినే పెంటంతా పోస్తారు. వాళ్ళ బొమ్మకు ఏ మొహం పెడతావు?

మా మిల్లులో తొక్క తీసే ఆడవాళ్ళున్నారు. ఏసమ్మ అని ఒకావిడ ఉంది, మొగుడు పోయాడు, ముగ్గురు పిల్లలు. ఈ పనిలోనే వాళ్ళు అన్నం తింటున్నారు. నీ బొమ్మలాటలో ఏసమ్మ ఎక్కడుంది?

మీ అన్నయ్యకు నీ ఉత్తరాలు చదివే తీరిక లేదు. ఇక ఆయన పేర రాయకు. రాసినా ఆయన విప్పరు.

గండి పూడ్చం.

జగదాంబ


చినపాలెం,
19 ఫిబ్రవరి 1984.

జగదాంబ వదినగారికి,

నా పెళ్ళి గురించీ మా నాన్న పెట్టిన పేరు గురించీ మీరు రాసినవి నా దగ్గరే ఉంచుకున్నాను. పాలెం గురించి రాసింది మాత్రం క్లాసులో చదివి వినిపించాను. పిల్లలకు రోషం వచ్చింది. ఒకడు "ఆవిణ్ణి మన ఊరు రమ్మనండి, చెబుతాం" అన్నాడు. రామలక్ష్మి లేచి నిలబడింది. "ఆవిడ అన్నది నిజమే కదండీ టీచరుగారూ. మొన్న మా నాన్న కూడా తెగిన వల నీళ్ళలోకే ఇసిరేశాడు" అంది. వాళ్ళ నాన్న గంగయ్య ఈ ఊళ్ళో అందరికంటే కోపిష్ఠి మనిషి.

అందుకని ఆటలో కొత్త రంగం చేర్చాం. పాలెం మనిషి బొమ్మ వస్తుంది. తెగిన వల తెచ్చి సముద్రమ్మ మెడకు చుట్టేసి, చేతులు దులుపుకుని, "నువ్వు తల్లివి కదే, ఓర్చుకో" అని పోతుంది. ఆ వలముక్క నిజమైనదే, గంగయ్యదే. బడి వార్షికోత్సవంలో ఆడినప్పుడు మగవాళ్ళెవరూ నవ్వలేదు. గంగయ్య మధ్యలో లేచి బీడీ కాల్చుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ రంగం మీ వల్ల వచ్చింది. థాంక్స్ చెప్పను.

సముద్రమ్మ తల కొబ్బరిపీచుతో చేశాం. ఒళ్ళు నా పాత నీలం వాయిల్ చీర. ఇద్దరు పిల్లలు చెరో కర్రా పట్టుకుని ఊపితే తెర మీద అలలు లేచినట్టే ఉంటుంది. చేపలు తాటాకువి. జ్వరం చూడ్డానికి పీత డాక్టరు వస్తాడు. నాడి పట్టుకోబోయి డెక్కలతో గిల్లుతాడు. సముద్రమ్మ "అబ్బా!" అన్నప్పుడల్లా పసిపిల్లలు పడీపడీ నవ్వారు.

ఇక మిల్లు యజమాని. జవాబు రాలేదు కాబట్టి మొహం మేమే పెట్టాం. గోనెసంచి పొట్ట, పీచు మీసాలు, తీగతో కళ్ళజోడు. మాట్లాడే ముందు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుంటాడు. సముద్రమ్మ ఎంత మొత్తుకున్నా "చూద్దాంలే, చూద్దాంలే" అంటాడు. ఊరంతా ఇప్పుడు ఒకరితో ఒకరు అదే మాట అనుకుని నవ్వుకుంటున్నారు.

ఈ ఆటను కాకినాడలో వైజ్ఞానిక ప్రదర్శనకు ఎంపిక చేశారు. వచ్చే నెలలో అక్కడ ఆడతాం. అన్నయ్యకు తీరిక చిక్కితే వచ్చి చూడమనండి.

మీనాకుమారి


పెద్దాపురం,
24 మార్చి 1984.

మీనాకుమారికి,

నాగేశ్వరప్రసాద్ సరుకు పనిమీద కాకినాడ వెళ్ళి నీ ఆట చూసి వచ్చాడు. నువ్వు వద్దన్నవాడే. భోజనాల దగ్గర కూచుని నవ్వుతూ చెప్పాడు. పీత డాక్టరు గురించి చెప్పాడు, అలల గురించి చెప్పాడు. "అచ్చం బావగారేనక్కా, ఆ కళ్ళజోడు తుడుచుకోవడం..." అని నా మొహం చూసి ఆపేశాడు.

పాలెం పిల్లలు మీ అన్నయ్యను ఏనాడూ చూడలేదు. ఆయన కళ్ళజోడు ఎలా తుడుచుకుంటారో వాళ్ళకెలా తెలుస్తుంది? నువ్వు చెప్పావు. నువ్వు ఆడించి చూపించావు. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని జాతర చూపించిన మనిషిని గోనెసంచి చేసి, ఊరూరా తిప్పి నవ్విస్తున్నావు. పగవాళ్ళు కూడా మనిషి మాటను ఎగతాళి చేస్తారు గానీ అలవాటును చేయరు.

నేను దాచి చేసే మనిషిని కాను కాబట్టి చెబుతున్నాను. పిల్లల చదువు మాన్పించి, సొంత కక్షల కోసం వాళ్ళ చేత ఆటలు ఆడిస్తున్నావని నీ పై ఆఫీసుకు ఫిర్యాదు పంపించాను. నీకు ఏం చెప్పుకోవాలని ఉంటే అక్కడ చెప్పుకో.

జగదాంబ


చినపాలెం,
11 ఏప్రిల్ 1984.

జగదాంబ వదినగారికి,

మీ ఫిర్యాదు చేరింది. నాకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. మా హెడ్మిస్ట్రెస్ సత్యకుమారిగారు బొమ్మల్ని ట్రంకుపెట్టెలో పెట్టించి తాళం వేశారు. "నాకూ ఆట ఇష్టమేనమ్మా. కానీ నీకు ఉద్యోగం ఉంటేనే కదా ఆట" అన్నారు.

చదువు మాన్పించానని రాశారు. మీకు తెలియని సంగతి చెబుతాను. రామలక్ష్మి చదువు మానబోతోంది. నా వల్ల కాదు. ఏట్లో వల వేస్తే గంజితెట్టు తప్ప ఏమీ రావడం లేదని గంగయ్య ఒరిస్సాలో పారాదీప్ పడవల మీద కూలికి పోయాడు. పెళ్ళాన్ని కూడా తీసుకుపోయాడు. ఈ పిల్లను ముసలమ్మ దగ్గర వదిలి, పరీక్షలయ్యాక పంపించమని చెప్పి వెళ్ళాడు. వెళ్ళేరోజు బడికి వచ్చి, "ఆ చూద్దాంలే బొమ్మ ఒకసారి చూపించండమ్మా" అన్నాడు. చూపించాను. చాలాసేపు చూసి దాని మొహం మీద ఉమ్మబోయాడు. పిల్లలున్నారని ఆగాడు.

ఈ ఫిర్యాదు మీ పేర వచ్చినా దీని వెనక ఎవరున్నారో నాకు తెలుసు. ఎదురుగా ఒక్క జవాబు రాయలేనివాడు, భార్య కొంగు చాటున నిలబడి చెల్లెలి నోటి దగ్గర కూడు తీయించే స్థితికి వచ్చాడన్నమాట. చిన్నప్పుడు ఎవరినైనా కొట్టి వస్తే "దాక్కోకే, వెళ్ళి నేనే కొట్టానని చెప్పు" అనేవాడు. ఆ మనిషి ఎప్పుడు చచ్చిపోయాడో నాకు తెలియదు.

నాకిక అన్న లేడు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించండి.

మీనాకుమారి


పెద్దాపురం,
18 ఏప్రిల్ 1984.

మీనా,

చదివి వినిపించమన్నావు. వినిపించాను. మంచం పక్కన పీట వేసుకుని కూచుని ఒక్క ముక్క వదలకుండా చదివాను. ఆయన విన్నారు. జవాబు చెప్పలేదు. చెప్పలేరు.

ముందటేడు సీజనుకు ముందు, దసరా వెళ్ళిన వారానికి, మిల్లులో తొట్టి పక్కన నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు, నోరు. కాకినాడ తీసుకెళ్ళాం, వైజాగు తీసుకెళ్ళాం. ప్రాణం నిలబడింది, మాట రాలేదు. ఊళ్ళో నడుము పట్టేసిందని చెప్పాం. మిల్లు యజమాని లేవడని తెలిస్తే రైతు పెండలం వేరే మిల్లుకు తోలుకుపోతాడు. అందుకే చెప్పలేదు. నీకెందుకు చెప్పలేదంటే, నీకు చెప్పాలనిపించలేదు. ఈ గడప తొక్కనని పోయినదానివి.

నీ బొమ్మ కళ్ళజోడు తుడుచుకుంటుందన్నావు. ఆయన తుడుచుకోలేరు. నేను తుడిచి పెడతాను. రోజూ పొద్దున్నే.

ఇంకో సంగతి కూడా విను, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి. ఆయన నడిపిన రోజుల్లో మిల్లు చిన్నది. నీళ్ళు వెనక గుంటలో ఇంకిపోయేవి. నా చేతికి వచ్చాక నేను రెండో తొట్టి కట్టించాను. గుంట చాలలేదు. గట్టుకు గండి కొట్టించింది నేను. మనుషుల్ని పెట్టి, దగ్గర నిలబడి కొట్టించాను. ఆయనకు ఆ గండి సంగతే తెలియదు. నీ ఉత్తరాలు విప్పి చదివిందీ నేనే, పొయ్యిలో పెట్టిందీ నేనే. ఫిర్యాదు రాసిందీ నేనే. నా వెనక ఎవరూ లేరు. ఏడాదిన్నరగా నా వెనక ఎవరూ లేరు.

ఆడది మిల్లు నడుపుతుందని నీకు తట్టనేలేదు చూశావా? ఇంత చదువుకుని, ఒంటరిగా ఉద్యోగం చేస్తూ, మిల్లు అనగానే మీసాలు పెట్టావు. ఆ మీసాలు పీకి చీర కట్టు. తిట్టదల్చుకుంటే నన్ను తిట్టు.

ఇక్కడికి మాత్రం రావద్దు.

జగదాంబ


చినపాలెం,
3 జూన్ 1984.

వదినా,

రావద్దన్నావు. వచ్చాను. ఉత్తరం అందిన మర్నాడే వచ్చాను. జరిగింది నీకు తెలుసు. అయినా రాస్తున్నాను, నువ్వు ఏం చేశావో నువ్వే చదువుకోవాలని.

తలుపు నువ్వే తీశావు. చిక్కిపోయావు. నడుముకు మిల్లు తాళాలు. "ఎవరు కావాలండీ?" అన్నావు.

"అన్నయ్యను చూడాలి వదినా."

"నాకిక అన్న లేడని రాశారుగా. ఉత్తరం దాచాను. తెమ్మంటారా?"

"తెలియక రాశాను. చెప్పనిది నువ్వు కాదా? ఏడాదిన్నర దాచింది నువ్వు కాదా?"

"తెలియక రాసినవి కూడా గుచ్చుకుంటాయమ్మా. మీ ఉత్తరం విన్న రోజు ఆయన అన్నం తినలేదు."

అప్పుడు లోపల నుంచి చప్పుడు వినిపించింది. గ్లాసుతో మంచం కోడు మీద కొడుతున్నట్టు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. అది అన్నయ్య. నా గొంతు విన్నాడు. నీకూ తెలుసు. "మంచినీళ్ళు అడుగుతున్నారు" అని తలుపు వేశావు. గడియ పెట్టిన చప్పుడు కూడా విన్నాను.

నిన్ను ఇక "మీరు" అనలేను. పరాయివాళ్ళ మీద ఇంత కోపం రాదు.

సెలవుల్లో పిల్లల్ని పిలిచి అంతా చెప్పాను. ఆ మిల్లు మావాళ్ళదేనని, ఆ బొమ్మ మా అన్నయ్యేనని, ఆయన మంచాన ఉన్నాడని, తప్పు ఆయనది కాదని. రామలక్ష్మిని పారాదీప్ ఇంకా పంపించలేదు, తనూ వచ్చింది. రామలక్ష్మి అడిగింది, "అయితే మనం వేరే మనిషిని తిట్టామాండీ?" అని. అవునన్నాను. వెళ్ళి బొమ్మకు మీసాలు పీకేసింది. కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టింది.

నా సంజాయిషీ పై ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. సెలవు రోజుల్లో, బడి బయట, తల్లిదండ్రులు సరేనంటే ఆడుకోవచ్చన్నారు. మరిడమ్మ తల్లి జాతరకు మీ వెనక వీధి కుర్రాళ్ళు మమ్మల్ని పిలిచారు. కాకినాడలో చూశారట. ఆషాఢంలో, ఆదివారం సాయంత్రం. వస్తున్నాం.

నువ్వన్నట్టే చీర కడుతున్నాం. ఎర్ర అంచు, నడుముకు తాళాలు. అన్నయ్యను నవ్వులపాలు చేసినందుకు బాధపడుతున్నాను. నిన్ను చేయబోతున్నందుకు బాధపడటం లేదు.

మీనా


పెద్దాపురం,
17 జూలై 1984.

మీనా,

నేను రానని అనుకున్నావు. ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూచున్నాను. నాతో ఏసమ్మనీ, తొక్క తీసే ఆడవాళ్ళనీ తీసుకొచ్చాను. నువ్వు తెర పక్క నుంచి తొంగి చూడటం, నన్ను చూసి లోపలికి పోవడం చూశాను.

అలలు బాగున్నాయి. ఆ నీలం చీర నేను కొన్నదే, సామర్లకోటలో. నీకు గుర్తుండదు.

వలముక్క మెడకు చుట్టినప్పుడు ఏసమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు. తర్వాత నా బొమ్మ వచ్చింది. వీధివాళ్ళందరూ ముందు బొమ్మను చూశారు, తర్వాత నన్ను చూశారు. ఒక్కడు నవ్వాడు, వాడు ఎవడో నాకు తెలుసు. నడుముకు తాళాలు బాగానే కట్టారు. కానీ ఆ బొమ్మ నోటికి నువ్వు రాసిన మాటలున్నాయి చూశావా, "సముద్రం చస్తే నాకేంటి, నా సంచి నిండితే చాలు" అని, అవి విన్నాక కూచోలేకపోయాను.

ఇంత జనంలో లేచి నిలబడతానని ఇంట్లో బయల్దేరినప్పుడు అనుకోలేదు. నిలబడ్డాను. "ఆపండి. ఆ మాట నేనెప్పుడూ అనలేదు" అన్నాను. హార్మోనియం ఆగిపోయింది. నువ్వు బయటికి రాలేదు. ధైర్యం చాలలేదు కాబోలు.

తెర దగ్గరికి వెళ్ళాను. ఆ కొబ్బరిపీచు మొహాన్ని చూస్తూ అడిగాను. "నీకు జ్వరం వచ్చింది. నిజమే. నా ఇంట్లో మాటలేని మనిషి మంచం మీదున్నాడు. మిల్లు ఆపితే ఈ ఆడవాళ్ళు ఏం తింటారు? ఆ నీళ్ళు నెత్తిన పోసుకోమంటావా? ఎక్కడ పోయమంటావో నువ్వే చెప్పు" అని. మీ అన్నయ్య సంగతి వీధిలో నా నోటితోనే బయటపడింది. ఏడాదిన్నర దాచింది ఒక్క ఊపులో పోయింది.

బొమ్మ కదల్లేదు. ఇక నేనే గెలిచాననుకుని వెనక్కి తిరగబోయాను. అప్పుడు సముద్రమ్మ తల మెల్లిగా ఎత్తింది. తెర వెనక నుంచి ఆడపిల్ల గొంతు వినిపించింది.

"నాకు తెలీదండి. నేను సముద్రాన్ని కదండీ. మీరు ఏది పోసినా తీసుకోవడమే గానీ, వద్దనడం నాకు రాదు. వద్దనాల్సింది మీరేనండి."

అంతే. నేను కుర్చీలోకి కూడా రాలేదు. అటు నుంచి అటే ఇంటికి వెళ్ళిపోయాను.

పసిపిల్లల నోటికి అంత మాట నేర్పి, పదిమందిలో నా మీదికి వదిలావు. నీ చదువు నిన్ను ఇంత తెలివైనదాన్ని చేసినందుకు సంతోషం. ఇక నాకు రాయకు.

జగదాంబ


చినపాలెం,
22 జూలై 1984.

వదినా,

రాయకన్నావు. ఈ ఒక్కటీ రాసి ఊరుకుంటాను.

ఆ మాట నేను నేర్పలేదు. ఆటలో లేదు. నువ్వు లేచి అడిగినప్పుడు నేను తెర వెనకే ఉన్నాను. నిన్ను అన్ని మాటలు అన్నదాన్ని, నువ్వడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు. హార్మోనియం వాయించే అబ్బాయి నా వంక చూశాడు, నేను నేల వంక చూశాను. రామలక్ష్మి ఎవర్నీ అడగలేదు. కర్రను రెండు చేతులతో అదిమిపట్టుకుని అంది. "మిల్లమ్మగారు ఫిర్యాదు పెడతారాండి?" అని దారంతా అడుగుతూనే ఉంది.

"నా సంచి నిండితే చాలు" అన్నది మాత్రం నేను రాసిందే. నువ్వు అనని మాట నీ నోట్లో పెట్టాను. అది కొట్టేశాను. దాని బదులు నువ్వు నిలబడి అడిగిన ప్రశ్నే ఆ బొమ్మ చేత అడిగిస్తున్నాం, ఏసమ్మ బొమ్మను పక్కన పెట్టి. ఆట ఇప్పుడు కష్టమైంది. చూసేవాళ్ళు ఇంటికి వెళ్ళేటప్పుడు నవ్వడం లేదు, పోట్లాడుకుంటున్నారు.

నీ మీద కోపం తగ్గిందని అనుకోకు. గడియ పెట్టిన చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది.

మీనా


పెద్దాపురం,
9 సెప్టెంబరు 1984.

మీనా,

సీజను దగ్గరపడింది. మిల్లు వెనక నేను కొబ్బరి వేద్దామనుకున్న పొలంలో గుంటలు తవ్విస్తున్నాను. ఒకదాని తర్వాత ఒకటి, మెట్లమెట్లుగా. నీళ్ళు వాటిలో తేరుకుని ఇంకాలి. రెండో తొట్టి ఈ ఏడు నడపను. గుంటలు పట్టినంతే ఆడిస్తాను. ఏసమ్మ వాళ్ళను ఎవర్నీ మాన్పించలేదు, తవ్వకంలో పెట్టాను. గండి నిన్ననే పూడ్చారు. దగ్గర నిలబడి పూడ్పించాను.

ఇది నీ కోసం కాదు. నీ ఆట వల్లా కాదు. ఆ పిల్ల కోసం అని కూడా అనుకోకు. రాత్రిళ్ళు నిద్ర పట్టక చేయిస్తున్నాను, అంతే. మిగతా మిల్లుల వాళ్ళు వచ్చి, జగదాంబమ్మకు పిచ్చి పట్టిందని నవ్వి పోయారు. వాళ్ళ బొమ్మలు కూడా చేయించు. మీసాలు పెట్టుకోవచ్చు.

గంగయ్యకు కబురు పంపి, పిల్ల చదువు మాన్పించవద్దని చెప్పు. నేను చెప్పమన్నానని చెప్పకు.

నిన్ను నేను క్షమించలేదు. కానీ మీ అన్నయ్య నీ గొంతు విన్న దగ్గర నుంచి వీధి తలుపు చప్పుడైనప్పుడల్లా గ్లాసు కొడుతున్నారు. సొట్టలు పడ్డాయి గ్లాసుకి. నాకు విసుగొస్తోంది.

ఆదివారం పొద్దున్న నేను మిల్లులో ఉంటాను. మధ్యాహ్నం దాకా రాను. తలుపు గడియ పెట్టి ఉండదు. చూడదల్చుకుంటే చూసిపో. నాకు ఎదురుపడకు.

జగదాంబ


చినపాలెం,
24 సెప్టెంబరు 1984.

వదినా,

నిన్న వచ్చాను. నీకు ఎదురుపడలేదు.

అన్నయ్య నన్ను చూసి ముందు మొహం గోడకు తిప్పుకున్నాడు. నేను కూచునే ఉన్నాను. "నేను రాసింది తప్పు అన్నయ్యా" అన్నాను. చాలాసేపటికి ఎడమ చెయ్యి చాపి నా జడ పట్టుకుని లాగాడు, చిన్నప్పటిలాగే. గట్టిగా లాగాడు. నొప్పి పుట్టింది.

రామలక్ష్మిని కూడా తీసుకొచ్చాను. ఇక పారాదీప్ పంపించం. గంగయ్య సరేనన్నాడు. ఎవరు చెప్పమన్నారో అడిగాడు, నేను చెప్పలేదు. మంచానికి అడ్డంగా దుప్పటి కట్టి అన్నయ్యకు ఆట ఆడి చూపించాం, ఇద్దరమే. పీత డాక్టరు గిల్లినప్పుడు నోరు ఒకపక్కకు పోయి నవ్వాడు. నీ బొమ్మ వచ్చింది. దాన్ని చూశాడు, నడుముకున్న తాళాలు చూశాడు, వేలు చూపించి "జ... జ..." అన్నాడు. మాట రాదని రాశావు. ఆ ఒక్క అక్షరం వచ్చింది. నేను విన్నాను, రామలక్ష్మి విన్నది.

ఏరు ఇంకా బాగుపడలేదు. వాసన తగ్గింది. మొన్న పిల్లలు ఒక పీతను పట్టుకొచ్చి చూపించారు. సీజను మొదలయ్యాక గానీ నీ గుంటల సంగతి తెలియదు. పొర్లితే మళ్ళీ వచ్చి మీ వీధిలోనే ఆడతాం. ఈ మాట బెదిరింపుగానే తీసుకో.

వంటింట్లో ఇద్దరికి సరిపడా అన్నం, పప్పు, గోంగూర పచ్చడి మూతపెట్టి ఉన్నాయి. తిన్నాం. గిన్నెలు కడిగి బోర్లించడానికి పెరట్లోకి వెళ్ళబోయాను. పెరటి గుమ్మం బయట నీ చెప్పులున్నాయి. గుమ్మం అవతల గోడకు ఆనుకుని ఎవరో ముక్కు చీదిన చప్పుడైంది. నువ్వు మిల్లుకు పోలేదని అప్పుడు తెలిసింది. నేను పిలవలేదు. నువ్వూ రాలేదు. గిన్నెలు లోపలే పెట్టి వచ్చేశాను.

వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాం. దాక్కోదల్చుకుంటే చెప్పులు లోపల పెట్టుకో.

మీనా